గిజుభాయి బధేకా

గిజుభాయి బధేకా (నవంబరు 15, 1885 - జూన్ 23, 1939) గుజరాత్‌కు చెందిన ప్రముఖ విద్యావేత్త, బాలసాహిత్య రచయిత. ఇతని పూర్తి పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. పసిపిల్లలను తల్లివలె ఆదరించినందున గుజరాతీయులు ఇతనిని "మూఛాళీ మా" (మీసాల అమ్మ) అని ప్రేమతో పిలుచుకున్నారు. బడిలో పిల్లల సంతోషం చదువుకు ఆటంకం కాదనీ, అదే చదువుకు పునాది అనీ ఆచరణలో చూపడానికి జీవితాంతం కృషి చేశాడు.

జీవిత విశేషాలు

గిజుభాయి సౌరాష్ట్ర ప్రాంతంలోని చిత్తల్ గ్రామంలో జన్మించాడు. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికా వెళ్ళాడు. తిరిగి వచ్చిన పిమ్మట బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, వఢ్వాణ్‌లో న్యాయవాదిగా పనిచేశాడు. 1913లో కుమారుడు నరేంద్ర జన్మించడం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. బెత్తంతో, భయంతో నడిచే నాటి బడులకు తన బిడ్డను పంపడానికి మనసొప్పక, శిశువిద్య గురించి అధ్యయనం ప్రారంభించాడు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి రచనలు ఇతనిని విశేషంగా ప్రభావితం చేశాయి.

1916లో న్యాయవాద వృత్తిని విడిచి, భావనగర్‌లో నానాభాయి భట్ స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడే చిన్నపిల్లల కొరకు బాలమందిరాన్ని ప్రారంభించాడు.

విద్యా విధానం

గిజుభాయి మాంటిసోరి పద్ధతిని యథాతథంగా స్వీకరించలేదు. పసిపిల్లలకు కల్పిత కథలు చెప్పడాన్ని మాంటిసోరి అంతగా సమర్థించలేదు. గిజుభాయి మాత్రం కథకే ప్రథమ స్థానమిచ్చాడు. జానపద గేయాలు, నాటకాలు, ఆటలు, ప్రకృతి పరిశీలన ఇతని బోధనలో భాగమయ్యాయి.

ఇతని దృష్టిలో ఆనందమంటే కేవలం వినోదం కాదు. తన పని తానే చేసుకోగలగడం, కొత్త విషయాన్ని స్వయంగా తెలుసుకోవడం వల్ల పిల్లవానికి కలిగే తృప్తి. అందువల్ల పరిశుభ్రతకు, క్రమశిక్షణకు కూడా ప్రాధాన్యమిచ్చాడు. శిక్షలనే గాక బహుమతులను, పోటీలను కూడా వ్యతిరేకించాడు. ఆశ చూపి చదివించడం కూడా భయపెట్టి చదివించడం వంటిదేనని భావించాడు.

దివాస్వప్న

1930ల ప్రారంభంలో వెలువడిన "దివాస్వప్న" గిజుభాయి రచనలలో సుప్రసిద్ధమైనది. ఇది "పగటికల" పేరుతో తెలుగులోకి అనువాదమైంది. ఇందులో లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో ఒక సంవత్సరం పాటు నాలుగవ తరగతిని తన పద్ధతిలో నడుపుతాడు. సంవత్సరాంతంలో పరీక్షా ఫలితం చూపవలసి ఉంటుంది. మొదటి రోజు అతని ప్రయత్నం పిల్లల అల్లరిలో విఫలమవుతుంది. కథలతో వారిని ఆకట్టుకున్న తరువాత ఆటలు, తరగతి గ్రంథాలయం ద్వారా భాష, చరిత్ర, వ్యాకరణం నేర్పుతాడు. ఆటలతో చదువు సాగుతుందా అని సహోపాధ్యాయులు, తల్లిదండ్రులు వెలిబుచ్చే సందేహాలను గిజుభాయి దాచిపెట్టలేదు. సంతోషంగా ఉన్న పిల్లవాడు నేర్చుకుంటాడా అన్నదే ఈ పుస్తకంలోని ప్రధాన ప్రశ్న.

పరిమితులు, కొనసాగింపు

మాంటిసోరి పరికరాలు ఖరీదైనవి కావడంతో ఈ విద్య పేద పల్లెలకు చేరడం కష్టమైంది. భావనగర్‌లో గిజుభాయితో కలసి పనిచేసిన తారాబాయి మోదక్ ఈ లోటును పూరించడానికి పూనుకొంది. 1945లో బోర్డి గ్రామంలోను, ఆ తరువాత కోస్‌బాడ్‌లోను అనుతాయి వాఘ్‌తో కలసి, స్థానికంగా దొరికే వస్తువులతోనే గ్రామీణ, గిరిజన బాలలకు శిశువిద్యను అందించింది.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి సంస్థను విడిచాడు. 1939 జూన్ 23న బొంబాయిలో మరణించాడు. అదే సంవత్సరం నవంబరులో మాంటిసోరి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికై మద్రాసు వచ్చింది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడులలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బాలలు భయాందోళనలు లేకుండా నేర్చుకోవాలని కూడా నిర్దేశించింది. అంతకు తొంభై సంవత్సరాల పూర్వం భావనగర్ బాలమందిరంలో గిజుభాయి ఆచరించినది కూడా ఇదే.