కాలేజీ రోడ్డులో ఏ కాలేజీ?

చెన్నై నుంగంబాకంలోని కాలేజీ రోడ్డు తమిళనాడు తెలుగు బడుల వాళ్లకు కొత్త కాదు. పాఠశాల విద్యాశాఖ కార్యాలయాలు, పాఠ్యపుస్తకాల సంస్థ అక్కడే ఉన్నాయి. వాచకాల సంగతైనా, తెలుగు పండితుల పోస్టుల సంగతైనా, పదో తరగతిలో తమిళం పరీక్ష నుంచి మినహాయింపు సంగతైనా అర్జీ పట్టుకుని వెళ్లేది ఆ రోడ్డుకే. ఇంతకీ ఆ రోడ్డుకు పేరిచ్చిన కాలేజీ ఏది?

చాలామంది విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ అనుకుంటారు. ఆ కాలేజీ మొదలైంది 1915లో. రోడ్డు పేరు అంతకంటే చాలా పాతది. అది సెయింట్ జార్జి కోట కళాశాల నుంచి వచ్చింది. 1812లో మొదలై 1854లో మూతపడిన ఆ కళాశాలలో తెల్లదొరలు విద్యార్థులు, మన పండితులు గురువులు. దాన్ని నిలబెట్టిన మనిషి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తమిళులు ఆయన్ను ఎల్లీసన్ అని తమ పద్ధతిలో పిలుచుకుని, తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి తెచ్చే పని మొదలుపెట్టిన వాడిగా ఇప్పటికీ తలుచుకుంటారు. మన వైపు బ్రౌన్ పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు. కానీ తెలుగుకు ఎల్లిస్ చేసిన మేలు చిన్నది కాదు.

ఎల్లిస్ 1777లో పుట్టాడు. 1796లో ఈస్టిండియా కంపెనీలో రైటరు ఉద్యోగంలో చేరాడు. రెవెన్యూ బోర్డులో మెట్టు మెట్టుగా పైకెళ్లి, 1806లో మచిలీపట్నం జిల్లా జడ్జీ అయ్యాడు. 1810లో మద్రాసు కలెక్టరు పదవి వచ్చింది. చనిపోయే దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. కలెక్టరుగా ఆయన పనిని మద్రాసు జనం మరో విధంగానూ చూశారు. 1818లో నీటి కటకట వచ్చినప్పుడు ఊళ్లో 27 బావులు తవ్వించాడు. ఆ సంగతి తమిళ పద్యాల్లో రాతి మీద చెక్కించాడు.

ఉద్యోగం కోసం భాష నేర్చుకున్న దొరలు చాలామంది ఉన్నారు. భాష మీద ఇష్టంతో ఉద్యోగం వెళ్లదీసిన వాళ్లు తక్కువ. ఎల్లిస్ ఆ రెండో రకం అని మా అభిప్రాయం. కంపెనీ అప్పటికే కలకత్తాలో ఒక కళాశాల నడుపుతోంది. అక్కడ నేర్పే హిందుస్తానీ, పారసీ మన జిల్లాల్లో పనికొచ్చేవి కావు. కడప రైతు గోడు వినాలంటే తెలుగు కావాలి, తంజావూరు రైతుకైతే తమిళం. కుర్ర అధికారికి భాష రాకపోతే దుబాసీ చెప్పిందే వేదం అయ్యేది. అందుకే మద్రాసుకు సొంత కళాశాల కావాలని పట్టుబట్టిన వాళ్లలో ఎల్లిస్ ముందున్నాడు. కళాశాల పర్యవేక్షణ బోర్డులో పెద్ద సభ్యుడు ఆయనే. అక్కడ దొరలకు పాఠాలు చెప్పడంతో పని అయిపోలేదు. పాఠాలు చెప్పే మన పండితులనూ అక్కడే తయారుచేశారు. సొంత అచ్చుకూటం పెట్టారు, పుస్తకాలు అచ్చువేశారు. దొర విద్యార్థులు చదువుకోవడానికి తెలుగు వచనం కావలసి వచ్చింది. అప్పటికి మనకు పద్యకావ్యాలు బోలెడు, చదివించడానికి వీలైన వచనం తక్కువ. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుడి కథలను వచనంలో రాసింది ఈ కళాశాల కోసమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ రోజుల్లో పండితులైన దొరల్లో ఎక్కువమంది నమ్మకం ఏమిటంటే, భారతదేశంలోని భాషలన్నీ సంస్కృతం బిడ్డలే. సెరాంపూరు మిషనరీ విలియం కేరీ 1814లో వేసిన తెలుగు వ్యాకరణంలోనూ అదే ధోరణి. రెండేళ్ల తర్వాత, 1816లో, మద్రాసు కళాశాల బోర్డు కార్యదర్శి ఎ.డి. క్యాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణాన్ని కళాశాల అచ్చుకూటంలోనే వేశాడు. దాని పీఠికకు ఎల్లిస్ ఒక పొడవాటి వివరణ జోడించాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదనీ, అవి ఒకే ఇంటి అక్కచెల్లెళ్లనీ, మలయాళం, తుళు, కొడవ కూడా ఆ ఇంటివేననీ అందులో చూపించాడు. రాజమహల్ కొండల్లోని గిరిజనుల భాషను కూడా ఆ ఇంట్లోనే చేర్చాడు. కాల్డ్‌వెల్ తన ప్రసిద్ధ గ్రంథం వేసింది 1856లో. అంటే ఎల్లిస్ నలభై ఏళ్లు ముందు.

ఎలా చూపించాడన్నది ఉపాధ్యాయులకు ఇంకా ఆసక్తికరం. పైపై మాటలు పోల్చి ఊరుకోలేదు, ధాతువుల దాకా వెళ్లాడు. సంస్కృత ధాతువులను ఒక పక్క, తెలుగు ధాతువులను ఇంకో పక్క పెట్టి, రెంటికీ చుట్టరికం లేదని తేల్చాడు. తర్వాత తెలుగు ధాతువుల పక్కన తమిళ, కన్నడ ధాతువులు పెట్టాడు. ఈసారి చుట్టరికం కళ్లకు కట్టింది. తరగతిలో ఇదే పని చిన్న మాటలతో చేయించవచ్చు. మన కన్ను తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. మన మూడు అక్కడ మూన్ఱు, ఇక్కడ మూరు. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు. మన ‘ప’ దగ్గర కన్నడానికి ‘హ’ వస్తుందని పిల్లలు రెండు మూడు మాటలు కాగానే వాళ్లంతట వాళ్లే పట్టేస్తారు.

మరి ఆ తెలుగు ధాతువుల పట్టిక ఎల్లిస్‌కు ఎక్కడిది? కళాశాలలో సంస్కృతాంధ్ర ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల నుంచి తీసుకున్నాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మాటలను విడదీసే పద్ధతి మన వ్యాకరణ సంప్రదాయానిదే. దాన్ని వివరించడానికి ఎల్లిస్ ఎంచుకున్నది ఆంధ్రదీపిక పీఠికను. ఆ నిఘంటువు కూర్చిన మామిడి వెంకయ్య మచిలీపట్నం వర్తకుడు. ఎల్లిస్ జడ్జీగా పనిచేసిన ఊరు కూడా అదే. ఏది సంస్కృతం నుంచి వచ్చిన మాట, ఏది మన సొంత మాట అన్నది తెలుగు లాక్షణికులు ఎప్పుడో వేరుచేసి పెట్టారు. ఆ సొంత మాటలకు తమిళంలో, కన్నడంలో తోబుట్టువులున్నాయని చూడటం ఎల్లిస్ ఘనత. చరిత్ర పుస్తకాల్లో ఈ నిరూపణ ఒక దొర పేరు మీదే నిలిచింది, పండితులు అడుగు వరుసలో మిగిలారు. ఇది మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. అయితే ఎల్లిస్ వాళ్ల పేర్లు దాచలేదు. ఎవరి దగ్గర ఏది తీసుకున్నాడో రాసే పెట్టాడు.

1817లో పద్దెనిమిదేళ్ల సి.పి. బ్రౌన్ మద్రాసులో ఓడ దిగి ఈ కళాశాలలోనే చేరాడు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడపకు వెళ్లాడు. తర్వాతి కథ మనందరికీ తెలిసిందే.

ఎల్లిస్ కథ మాత్రం మధ్యలో తెగిపోయింది. నలభై ఏళ్లు నిండేదాకా పెద్ద గ్రంథాలేవీ అచ్చువేయకూడదని ఆయన పెట్టుకున్న నియమమట. నలభై దాటీ దాటగానే, 1819 మార్చిలో, ప్రయాణంలో ఉండగా రామనాథపురంలో చనిపోయాడు. తిరుక్కురళ్ పని సగంలోనే ఆగింది. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు మదురైకి చేరాయి. అక్కడి కలెక్టరు పెట్రీ ఇంట్లో వంటవాడు నెలల తరబడి పొయ్యి రాజేసుకోవడానికి వాటినే వాడాడని వాల్టర్ ఇలియట్ తర్వాతి కాలంలో రాశాడు. ఆ మంటల్లో తెలుగు గురించి ఎన్ని పుటలు పోయాయో! మిగిలిన ఉత్తరాలను, కాగితాలను వెదికి, ఎల్లిస్‌కు మళ్లీ పేరు తెచ్చినవాడు అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రాట్‌మన్. ఆయన పుస్తకం 2006లో వచ్చింది. తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం కూడా అదే ఏడాదిది. రెంటికీ సంబంధం లేదు గానీ, మన బడుల వాళ్లకు ఆ ఏడాది వేరే కారణంతో గుర్తుంటుంది.

నుంగంబాకం స్థలాన్ని ఎల్లిస్ కళాశాలగా చూడనే లేదు. ఆయన పోయాక 1827లో, కూవం ఒడ్డున ఆర్మీనియన్ వర్తకుడు మూరాట్ కుటుంబానికి చెందిన తోట బంగళాను ప్రభుత్వం కొని కళాశాలను అక్కడికి మార్చింది. అలా ఆ దారి కాలేజీ రోడ్డు అయింది. 1854లో కళాశాలను ఎత్తేశాక ఆ ఆవరణ విద్యాశాఖ చేతికి వచ్చింది. మొన్నమొన్నటి దాకా అందరూ డీపీఐ అని పిలిచిన చోటు అదే. 2022లో దానికి పేరాసిరియర్ అన్బళగన్ పేరు పెట్టారు. పక్క రోడ్డు పేరు మార్చలేదు.

అర్జీ పని మీద అక్కడికి వెళ్లే ఉపాధ్యాయులు ఒక గంట ఎక్కువ పెట్టుకుంటే, అదే ఆవరణలో ఎర్ర కట్టడంలో ఉన్న మద్రాసు లిటరరీ సొసైటీ గ్రంథాలయాన్ని చూసి రావచ్చు. ఆ కళాశాల కాలంలో పుట్టి, దాని నీడలో పెరిగిన సంస్థ అది. పిల్లలను తీసుకెళ్లదలిస్తే ముందుగా అనుమతి అడగాలి. కప్పు దాకా ఉన్న పుస్తకాల అరలు వాళ్లకు తప్పక నచ్చుతాయి.