పదమూడు ఓట్ల తేడా

టంగుటూరి ప్రకాశం అనగానే అందరికీ 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించిన సంగతే గుర్తొస్తుంది. నాకైతే 1946లో ఆయన గెలిచిన ఎన్నిక, ఆ గెలుపుతో ఆయన చేసిన పని ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి.

ఆయన 1872లో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసులో బాగా సంపాదించారు. 1921లో ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి, డబ్బంతా అందులో పోశారు. 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. 1939లో, మనల్ని అడక్కుండానే బ్రిటిష్ వాళ్ళు ఇండియాని యుద్ధంలోకి దింపారని కాంగ్రెస్ మంత్రులంతా రాజీనామా చేశారు. 1942 ఉద్యమంలో ఆయన జైలుకెళ్ళారు.

యుద్ధం ముగిసేసరికి తిండికీ బట్టకీ కరువే. 1946 ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెస్ గెలిచింది. మరి నాయకుడెవరు? గాంధీగారు రాజాజీ కావాలన్నారు. జనం ఇచ్చిన పర్సుల డబ్బు ప్రకాశంగారు సొంతానికి తీసుకున్నారని ఆయనకి అభ్యంతరం. శాసనసభ్యులు మాత్రం రాజాజీని ఒప్పుకోలేదు. చివరికి ఓట్లు వేస్తే ప్రకాశంగారికి 82, ముత్తురంగ మొదలియారుకి 69.

ఇంత తక్కువ తేడాతో గెలిచినవాళ్ళు ముందు కుర్చీ కాపాడుకుంటారు. ఈయన బట్టల మిల్లుల విస్తరణకి అడ్డుచెప్పి, ఖద్దరు పథకం పెట్టారు. మిల్లుల వాళ్ళతో పాటు సొంత పార్టీవాళ్ళూ ఎదురుతిరిగారు. 1947 మార్చిలో, ఏడాది నిండకుండానే దిగిపోయారు.

ఇక్కడే నాకు చిక్కు వస్తుంది. తెలంగాణ నుంచి మగ్గం వదిలి ముంబై వచ్చినవాళ్ళకి, మన కామాటిపురం, వర్లీ చాళ్ళలో ఉన్నవాళ్ళకి, అన్నం పెట్టింది మిల్లే. నిజాం రాజ్యంలోని వాళ్ళ ఊళ్ళు ఆయన పాలనలోనూ లేవు. అయినా 1982 సమ్మె తర్వాత ఈ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి కదా! మిల్లు వద్దనడం తప్పో ఒప్పో నేను తేల్చలేను. మగ్గం మీద బతికేవాళ్ళ గురించి ముందే ఆలోచించారన్నది మాత్రం నిజం.

1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటేడు ఆ ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. 1957లో హైదరాబాదులో కన్నుమూశారు. లక్షలు సంపాదించిన బారిస్టరు, చివరికి ఆస్తంటూ ఏమీ మిగుల్చుకోలేదు.