గొంగళిపురుగుల చరిత్రకారిణి

పదిహేడవ శతాబ్దపు ఐరోపాలో పురుగన్నది ఏవగింపు పుట్టించే వస్తువు. బురదలోనుంచీ కుళ్లిన మాంసంలోనుంచీ పురుగులు వాటంతటవే పుట్టుకొస్తాయని పండితులు సైతం నమ్మిన కాలమది. ఆకును కొరికే గొంగళిపురుగు, రాత్రివేళ దీపం చుట్టూ తిరిగే శలభం ఒకే ప్రాణి జీవితంలోని రెండు ఘట్టాలని కళ్లకు కట్టేటట్టు చూపడానికి ఆ రోజులలో ఒక స్త్రీ తన ఆయుర్దాయాన్ని ధారపోసింది. ఆమె పేరు మేరియా సిబిల్లా మేరియాన్.

జర్మన్ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1647 ఏప్రిల్ 2వ తేదీన ఆమె జన్మించింది. తండ్రి మత్తేయస్ మేరియాన్ నగరదృశ్యాలను రాగిరేకులమీద చెక్కి అచ్చువేయడంలో పేరుగన్నవాడు. ఆమెకు మూడేళ్ల ప్రాయంలోనే ఆయన కాలధర్మం చెందాడు. తల్లి మరల పెండ్లాడిన యాకోబ్ మారెల్ పూలను చిత్రించడంలో సిద్ధహస్తుడు. పిల్లకు కుంచె పట్టడం నేర్పినది ఈ మారుతండ్రే.

పదమూడవ ఏట, అంటే 1660లో, ఆమె పట్టుపురుగులను పెంచి వాటి మార్పులను గమనించడం ప్రారంభించింది. గుడ్డు పగలడం, పురుగు ఆకు మేయడం, కుబుసం విడవడం, గూడు కట్టుకోవడం, చివరకు రెక్కలతో వెలువడడం—అన్నీ చూసి బొమ్మలు వేసింది. పురుగులు గుడ్లనుంచే పుడతాయని ఇటలీలో రెడీ అనే వైద్యుడు తన ప్రయోగాలను ప్రకటించినది దీనికి ఎనిమిదేళ్ల తరువాత, 1668లో.

1665లో యోహాన్ గ్రాఫ్ అనే చిత్రకారుని వివాహమాడి, కొన్నేళ్లకు న్యూరెంబర్గ్ నగరానికి కాపురం వెళ్లింది. ఇద్దరు కుమార్తెలు కలిగారు. సంపన్నుల ఇంటి ఆడపిల్లలకు చిత్రలేఖనం, అల్లికపని నేర్పుతూ, తీరిక దొరికినప్పుడల్లా తోటలలో గొంగళిపురుగులను ఏరి తెచ్చేది. పెట్టెలలో పెట్టి, ఏది ఏ ఆకు తింటుందో కనుగొని, దానికి ఆ ఆకే మేపేది. కొన్ని గూళ్లనుంచి శలభానికి బదులు ఈగలవంటి పురుగులు వెలువడేవి. ఆశించినది రాలేదని వాటిని పారవేయక, వాటినీ లెక్కలో వ్రాసుకొన్నది. ఒక జీవి మరొక జీవి శరీరంలో పెరుగుతుందన్న సంగతికి అవి తొలినాటి సాక్ష్యాలలో చేరాయి.

ఈ శ్రమ ఫలితంగా 1679లో గొంగళిపురుగుల రూపాంతరాలను గురించిన ఆమె గ్రంథం 50 పటాలతో వెలువడింది. 1683లో రెండవ సంపుటం వచ్చింది. ప్రతి పటంలోను ఒక మొక్క. ఆ మొక్కమీదనే పురుగు, గూడు, రెక్కల ప్రాణి. అంతకుముందు చిత్రకారులు పురుగులను వరుసగా పేర్చి చూపేవారు. తిండినిచ్చే మొక్కతో కలిపి జీవితమంతా ఒకే పటంలో చూపడం ఆమె తెచ్చిన మార్పు.

సంసారం మాత్రం సుఖంగా సాగలేదు. భర్తను విడిచి, తల్లిని, కుమార్తెలను వెంటబెట్టుకొని హాలెండు దేశంలోని ఒక మతసమాజంలో తలదాచుకొన్నది. తల్లి 1690లో మరణించగా మరుసటి ఏడు ఆంస్టర్‌డామ్ చేరింది. మచిలీపట్నంలోను, పులికాటులోను కోటలూ కొట్లూ పెట్టుకొని వర్తకం చేస్తున్న డచ్చివారికి అది రాజధానివంటి నగరం. అక్కడి శ్రీమంతుల అద్దాల పెట్టెలలో దూరదేశాల శలభాలు ఎండి నిగనిగలాడుతున్నాయి. కాని అవి ఏ గొంగళినుంచి వచ్చాయో, ఏ ఆకు తిని పెరిగాయో చెప్పగలవారు లేరు. ఆ లోటే ఆమెను సముద్రం దాటించింది.

1699లో, 52వ ఏట, తన చిత్రాలను అమ్మి, వీలునామా వ్రాసి, చిన్నకుమార్తె డొరోతియాతో దక్షిణ అమెరికా తీరంలోని డచ్చి వలస సురినాముకు ఓడ ఎక్కింది. పంపిన ప్రభువు లేడు, తోడువచ్చిన పురుషుడు లేడు. అక్కడి తోటల యజమానులకు చెరకు తప్ప మరొక ధ్యాస లేదు. పురుగులకోసం వచ్చిన ఈమెను చూసి నవ్వారు. ఆమెకు అడవిలో దారి చేసినవారు, మొక్కల గుణాలు చెప్పినవారు బానిసలు, ఆదిమవాసులు. మన పెరళ్లలో పూసే రత్నగంధిని ఆమె అక్కడ చిత్రించింది. తమ బిడ్డలు బానిసలు కారాదని బానిసస్త్రీలు దాని గింజలతో గర్భస్రావం చేసుకొంటారన్న దారుణ సత్యాన్ని వారి నోటనే విని, దాచకుండా గ్రంథంలో వ్రాసింది. అయితే ఆ సహాయకుల పేర్లు మాత్రం అందులో లేవు.

జ్వరపీడితురాలై 1701లో తిరిగివచ్చింది. 1705లో 60 పటాలతో సురినాము కీటకాల గ్రంథం ప్రకటించింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అనేక జాతులకు పేర్లు పెట్టడంలో ఆమె పటాలను ఆధారం చేసుకొన్నాడు. పిట్టను తినే సాలెపురుగు పటాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో కొందరు కట్టుకథ అని ఎగతాళి చేశారు. అటువంటి దృశ్యాన్ని అమెజాన్ అడవులలో తాను స్వయంగా చూచినట్లు బేట్స్ 1863లో ప్రకటించిన తరువాత ఆ నోళ్లు మూతపడ్డాయి.

కాని ఒక పటంలో ఆమె నిజంగా పొరబడింది. ఆంగ్లేయులు ‘తెల్ల మంత్రగత్తె’ అని పిలిచే మహాశలభం అందులో ఉన్నది. రెక్కలు చాపితే అడుగుకు కొంచెమే తక్కువ. దానితో ఆమె చిత్రించిన గొంగళి దానిది కాదు, వేరొక కుటుంబానికి చెందినదని తరువాతివారు గ్రహించారు. జీవితమంతా పురుగుకు శలభాన్ని, శలభానికి పురుగును జతకూర్చిన చేయి ఆ ఒక్కచోట తడబడింది.

1715లో పక్షవాతం సోకింది. 1717 జనవరి 13న ఆంస్టర్‌డామ్‌లో ఆమె కన్నుమూసింది. ఆ రోజులలోనే రష్యా చక్రవర్తి పీటర్ తరఫున ఆమె చిత్రాలు కొనుగోలు చేయబడి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. గొంగళిపురుగుల మూడవ సంపుటాన్ని డొరోతియా అదే సంవత్సరం అచ్చువేయించింది. 1992లో జర్మనీ తన 500 మార్కుల నోటుమీద ఆమె ముఖాన్ని ముద్రించింది. యూరో వచ్చినాక ఆ నోటు చలామణి ముగిసింది.

ఆ తెల్ల శలభం సంగతి మాత్రం ముగియలేదు. ఆమె పటం వెలువడి మూడు శతాబ్దాలు గడిచాక, 2020 నాటికి కూడా, దాని గొంగళి ఎట్లుంటుందో, ఏ ఆకు తింటుందో శాస్త్రజ్ఞులు నిర్ధారించలేకపోయారు. చెట్టు వెతికి, ఆకు తెచ్చి, పెట్టెలో పెట్టి, గూడు విచ్చుకొనేదాకా రాత్రులు కాచి కూర్చోవడం తప్ప ఆ చిక్కు విప్పడానికి వేరే మార్గం లేదు. ఫ్రాంక్‌ఫర్టులో పదమూడేళ్ల బాలిక పట్టుపురుగుల ముందు కూర్చుని చేసినది ఆ పనే.