మన్రో దొరవారి చరిత్రము: మన పట్టాల పుట్టుక

ఈ వార్షిక మహాసభ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి పంపవలసినదని సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన కులమున జన్మించిన పెద్దల చరిత్రములు ఇదివరకే పెక్కు సంచికలలో వెలువడియున్నవి. ఈమారు మేము మన కులమువాడును, మన దేశమువాడును గాని యొకనిని గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. అందులకు కారణములు రెండు. కర్నూలు, కడప మండలములలో మన పెద్దలు పెట్టెల యడుగున దాచియుంచిన భూమిపట్టాల క్రమమునకు ఈ సీమలో మూలపురుషుడు ఆయనయే యగుట మొదటిది. రెండవ కారణమును వ్యాసాంతమున విన్నవింతుము.

తామస్ మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము రాగా ఆ వ్యాపారము కూలిపోయి కుటుంబము దారిద్ర్యమున పడెను. చదువుకొన్న కుమారుడు సిపాయి కొలువునకు రావలసివచ్చెను. 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగిన ఆ పద్దెనిమిదేండ్ల యువకుడు హైదరాలీతోను, పిమ్మట టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధములలో పాల్గొనెను. తనకు వచ్చు స్వల్పపు జీతములోనుండియే మిగిల్చి తలిదండ్రులకు సొమ్ము పంపుచుండెను. నిలకడగల యొక గృహము అప్పులపాలగుట యెట్టిదో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు, స్వగృహమున చూచినది.

1792వ సంవత్సరమున బారామహలు, అనగా నేటి సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము, కుంఫిణీవారి వశమయ్యెను. అచ్చట కెప్టెన్ రీడుగారి క్రింద మన్రో ఏడేండ్లు రెవెన్యూ పని నేర్చుకొనెను. గుడారములలో కాపురముండుట, ఊరూర తిరుగుట, రైతును నడుమ మధ్యవర్తి లేకుండ ఎదుట నిలిపి మాటలాడుట ఆయనకు అచ్చటనే అలవడెను. 1799లో కన్నడ మండలమునకు కలెక్టరుగా పోయి, మరుసటి యేటనే మన సీమకు వచ్చెను.

1800 అక్టోబరులో నిజాము ప్రభువు, తన రక్షణకై యుంచిన సైన్యపు వ్యయమునకు బదులుగా, ఈ సీమను కుంఫిణీవారికి ధారాదత్తము చేసెను. అందుచేతనే దీనికి దత్తమండలములను పేరు వచ్చెను. 1928లో నంద్యాల సభ జరుగువరకును రాయలసీమ యను పేరు మనకు వాడుకలోనికి రాలేదు. మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చునాటికి ఇచ్చట ఎనుబదిమంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, సొంత బంట్లతో సొంత శిస్తులు వసూలు చేయుచుండిరి. యుద్ధములచేతను, క్షామములచేతను పల్లెలు పాడువడియుండెను. సేద్యము చేయుచున్న భూమి తనదని చూపుటకు రైతు చేతిలో కాగితము లేదు. ఉన్న లెక్కయంతయు కరణముగారి కవిలెలలో నుండెను. ఆ కవిలెలు సర్కారు నొకవిధముగ, రైతు నొకవిధముగ పలుకుచుండెను.

మన్రోగారు ఈ చిక్కును విప్పిన విధమే ఆయన చరిత్రమునందు మనము ముఖ్యముగ గ్రహింపదగినది. 1802లో ఆయన సర్వే మొదలుపెట్టించెను. ముప్పదిమూడడుగుల గొలుసుతో చేనుచేనుకు పోయి కొలిపించెను. నలువది గుంటలు ఒక ఎకరమను లెక్క మన రైతులకు నేటికిని సుపరిచితమే గదా. ఒకడు కొలిచిన దానిని మరియొకడు తిరిగి కొలిచి తప్పులు పట్టవలెను. కొలత ముగిసిన తరువాత మదింపుదార్లు వచ్చి రెడ్డి, కరణము, రైతులు కూడియుండగా నేల తరగతిని నిర్ణయింపవలెను. అటుపిమ్మట కలెక్టరు రైతులను సమావేశపరచి మొరలు వినవలెను. ఆ మీదటనే ఎవరి పట్టా వారిచేతికి వచ్చును. కరణములందరును దొంగలని ఆయన తలపలేదు. అయినను ఒక్కని చేతిలోని లెక్కను మరియొకని కంట చూపక నమ్మరాదని ఆయన దృఢముగ నమ్మెను. ఒక ఊరి దొంగలెక్క ఆ ఊరిలోని ఎదుటి కక్షివారు చెప్పగా బయటపడుట ఆయన తరచుగ చూచినదే.

ఇనాముల విషయమున ఇంకను గట్టి పరీక్ష జరిగెను. పాళెగాండ్రును, అమీనులును, గ్రామాధికారులును తమకు అధికారములేని భూములకు సన్నదులిచ్చియుండిరి. పాతవానివలె కనబడు క్రొత్త సన్నదులును గలవు. మన్రోగారు ప్రతి ఇనామునకును పుట్టుపూర్వోత్తరములు విచారించి లెక్కలు వ్రాయించెను. పైమాషీ లెక్కలని పేరుపొందిన ఆనాటి కాగితములను పిమ్మటి కాలమున న్యాయస్థానములును సాక్ష్యముగ గైకొనెను. మంత్రాలయము మఠపు భూమి విచారణకై ఆయన పోయినప్పుడు శ్రీ రాఘవేంద్రస్వామివారు బృందావనమునుండి దర్శనమిచ్చి సంభాషించిరనియు, అంతట భూమి మఠమునకే నిలిచెననియు మనవారు చెప్పుకొందురు. ఈ కథను నమ్మువారు నమ్ముదురుగాక. దేవుని మాన్యమునకైనను పత్రవిచారణ తప్పలేదను సంగతి మాత్రము అందులో ఇమిడియున్నది.

ఇంతమాత్రమున ఆయనయందు దోషములు లేవని మేము వ్రాయజాలము. ఆయన కుంఫిణీ కొలువులోనివాడు. శిస్తు రాబట్టుట ఆయన ప్రథమ కర్తవ్యము. ఆయన సర్వే నిర్ణయించిన శిస్తు మన మెట్టపొలములకు మోయరాని బరువయ్యెను. ఆ సంగతిని ఆయనయే ఒప్పుకొని, 1807లో ఈ సీమ విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు, శిస్తులో నాలుగవ వంతు తగ్గింపవలసినదని పైవారికి వ్రాసెను. శిస్తు తేలికయైననే భూమికి ధర పుట్టుననియు, ధరయున్ననే రైతు దానిని తన సొత్తుగ కాపాడుకొనుననియు ఆయన వాదము. పైవారు వినలేదు. ఊళ్లను మొత్తముగ గుత్తలకిచ్చిరి. పెక్కు గుత్తదార్లు చితికిపోయిరి. 1820 ప్రాంతమునగాని తగ్గింపుతోగూడిన రైతువారీ పద్ధతి తిరిగి రాలేదు.

ఆయన 1814లో న్యాయవిచారణ సంఘమునకు అధ్యక్షుడై మరల వచ్చెను. ఆనాడు చిన్న దావాకైనను రైతు దూరమున నున్న జిల్లా కోర్టుకు పోవలసియుండెను. 1816లో వచ్చిన రెగ్యులేషన్లచేత గ్రామ మునసబులును, పంచాయతులును, జిల్లా మునసబులును ఏర్పడిరి. పది రూపాయలలోపు చిల్లర దావాలు ఊరిలోనే తీరుటకు వీలయ్యెను. ఆ కాలముననే కోయంబత్తూరులో ఖజానా ఉద్యోగి యొకడు కలెక్టరు కచేరీని చేతబట్టుకొని జనులను దోచుకొన్న వ్యవహారమును ఆయన విచారించెను. అధికారమును, వ్యాపారమును ఒక్కచేత చేరినప్పుడు ఎట్టి యనర్థము కలుగునో అచ్చట స్పష్టపడెను. 1820లో ఆయన చెన్నపురి గవర్నరయ్యెను. రెవెన్యూ ఉద్యోగుల లంచములను, అపహరణములను శిక్షించుటకై 1822వ సంవత్సరపు 9వ రెగ్యులేషను ఆయన పాలనలోనే వచ్చెను. అదే యేట రాజధానిలోని పాఠశాలల లెక్క తీయించగా 12,498 పాఠశాలలు తేలెను. జనసంఖ్యతో పోల్చిచూడగా చదువు చాలదని ఆయన తలచెను. పట్టా యిచ్చినచో చాలదు గదా. దానిని చదువుకొనువాడును ఉండవలెను.

పదవినుండి విరమింపగోరి, తనకు ప్రియమైన దత్తమండలములను కడసారి చూచిపోవలెనని ఆయన 1827లో బయలుదేరెను. దారిలో విషూచి చెలరేగియుండెను. జూలై 6వ తేదీన నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండవద్ద ఆ వ్యాధి సోకి ఆ దినముననే కాలధర్మము నొందెను. దేహమును గుత్తికి గొనిపోయి సమాధిచేసిరి. కొన్నియేండ్లకు అస్థులను చెన్నపురి కోటలోని సెంటుమేరీ దేవాలయమునకు తరలించిరి. పత్తికొండలో ఆయన పేర ఒక బావి త్రవ్వించి తోపు వేయించిరి. మనవారు ఆయనను మాండవ్య ఋషి యని పిలిచిరి. బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొనిరి. పరదేశపు అధికారికి ఇట్టి మర్యాద మన సీమలో అరుదుగ దక్కినది.

ఆయన గతించిన తరువాత జరిగినది ఆయన యెదురుచూచినట్లును జరిగెను, ఎదురుచూడనట్లును జరిగెను. భూమికి ధర పుట్టెను. ధర పుట్టినవెంటనే అప్పును పుట్టెను. ఏ పట్టా రైతును కాపాడవలెనని ఇచ్చిరో ఆ పట్టాయే తనఖాకు ఆధారమయ్యెను. వానలు లేని మన మెట్టసీమలో ఒక్క కరవు వచ్చిన చాలు, భోగ్యమునకిచ్చిన చేను తిరిగి రాకుండెడిది. షరతు క్రయమని వ్రాయించి, గడువు దాటగానే శుద్ధక్రయమని పలికిన ఋణదాతలు కలరు. వ్రేలిముద్ర వేసిన రైతు తాను అప్పు పుచ్చుకొంటిననుకొనెను. కాగితము మాత్రము అమ్మితినని పలికెను. 1802లోనే క్రయ, తనఖా పత్రముల నమోదునకు రెగ్యులేషను వచ్చినను అది నిర్బంధము గాదు. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి క్రయములకు రిజిస్ట్రేషను నిర్బంధమగుట 1864వ సంవత్సరపు చట్టముచేతనే. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమున ఎన్ని చేలు చేతులు మారెనో మన వృద్ధుల నోట మేము విన్నాము. మన కులమున అప్పిచ్చినవారును కలరు, అప్పుచేసి పోగొట్టుకొన్నవారును కలరు. ఈ మాట యెవ్వరిని నొప్పించుటకును గాదు.

మరియొక కొరతయు మిగిలెను. మన్రోగారు కొలిపించినది చేలను. ఊరి నడుమనున్న ఇండ్లను గాదు. గ్రామకంఠములోని ఇల్లు ఎవరిదన్న, ఇరుగుపొరుగువారి మాటయే పెక్కుచోట్ల ఆధారము. ఆ ఇండ్లను కొలిచి హక్కు పత్రములిచ్చు స్వామిత్వ పథకము కేంద్రప్రభుత్వమువారిచే 2020 ఏప్రిలులోగాని ఆరంభింపబడలేదు.

ఇక రెండవ కారణము. మా బంధువర్గములో భర్తను గోల్పోయిన యొక యిల్లాలు, ఆయన ఉద్యోగమునుండి వచ్చిన సొమ్మంతయు పెట్టి పట్టణమున ఒక ఇల్లు కొన్నది. అమ్మినవాడు మన కులమువాడే. ఇంటిపేరు చెప్పిన అందరు నెరుగుదురు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో ఏ భారమును కనబడలేదు. మూలపత్రము చూపుమని అడుగుటకు ఆమెకు మొగమోటమయ్యెను. రంగుల నకలు చూచి తృప్తిపడెను. మూలపత్రమో, బ్యాంకులో కుదువలో నుండెను. అట్లు పత్రములను అప్పగించి చేసిన తనఖా రిజిస్టరు కాకపోయిన సర్టిఫికెట్టులోనికి ఎక్కదు. బ్యాంకువారి నోటీసు గోడకు అంటింపబడిన దినముననే ఆమెకు నిజము తెలిసెను. ఆమె చేసిన తప్పు ఒక్కటే: మనవాడే గదా యని నమ్ముట.

మహాజనులారా, మన సంఘము ఐకమత్యమునకై వెలసినది. ఆ ఐకమత్యమునే మోసగాడు పెట్టుబడిగ వాడుకొనుచున్నాడు. పరులు తెచ్చిన కాగితమును పదిసార్లు చూతుము. మనవాడు తెచ్చినదానిని చూచుట అవమానమనుకొందుము. మన్రోగారి గొలుసు ఒక్కమారు కొలిచి ఊరకుండలేదు. రెండవవాడు కొలిచినంతమాత్రమున మొదటివాడు దొంగయని అర్థము గాదు. నిజాయితీగల విక్రేతకు పరీక్షవలన గౌరవమే గాని లోపము లేదు.

కావున ఇల్లు గాని స్థలము గాని కొనువారు ముప్పదియేండ్ల సర్టిఫికెట్టు తీయించి, మూలపత్రములు కంటితో చూచి, బ్యాంకుల తనఖాలు నమోదగు సెర్సాయి కేంద్రరిజిస్టరులోను వెదకింపవలెను. ఆ స్థలము రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ నిషేధపు జాబితాలో నున్నదేమో విచారింపవలెను; అసైన్‌మెంటు భూములు కొని నష్టపోయినవారు మన జిల్లాలలో పెక్కుండ్రు. జనరల్ పవరాఫ్ అటార్నీ కాగితముచేత హక్కు సంక్రమింపదని సుప్రీముకోర్టు 2011లో తీర్పుచెప్పియున్నది. ఐదువందల చదరపు మీటర్లకు మించిన లేఅవుటు గాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లు గాని అయిన, 2016వ సంవత్సరపు చట్టము ననుసరించి రెరాలో నమోదైయుండవలెను. రిజిస్టరు చేసిన ఒప్పందము లేనిదే ధరలో పదవవంతుకు మించి బయానా పుచ్చుకొనుటకు అమ్మువారికి అధికారము లేదు.

ఈ మహాసభ ముగియులోపల మన సంఘము ఒక పని చేయవలెనని మా ప్రార్థన. మనలో న్యాయవాదులు కలరు, రెవెన్యూ ఉద్యోగమునుండి విశ్రాంతి తీసికొన్నవారు కలరు. కర్నూలునందు నలుగురు, కడపయందు నలుగురు చేరి, వారమున కొకదినము సంఘ కార్యాలయమున కూర్చుండి, కొనబోవువారి పత్రములను ఉచితముగ చదివి చెప్పిన చాలును. అమ్మువాడు మన కార్యవర్గ సభ్యుడైనను ఆ పత్రములు వారి యెదుటికి రావలెను. పోషకమహాశయులు ఇందులకు తోడ్పడుదురుగాక. ఆ యిల్లాలివంటి మరియొకతె, ఇంటి గోడపై నోటీసు చూచి మన సంఘపు గడప నెక్కు దినము రాకుండుగాక.