సత్యము సాక్షిగా జరిగిన పెండ్లి: గోరాగారి జీవితము

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున ఒక పెద్దమనిషి చరిత్ర వ్రాసి యిమ్మని కార్యకర్తలు నన్ను కోరిరి. నేను బడిలో చదివినది కొంచెము. పొలముల లెక్కలు, పన్నుల లెక్కలు వ్రాయుచు, తీరిక దొరికినప్పుడు ఈ గ్రంథాలయపు బల్లమీదనే భారత భాగవతములు నాకు నేనుగా చదివికొంటిని. అట్టివాడు గోరాగారి వంటి నాస్తికుని చరిత్ర యేల యెత్తుకొనెనని కొందఱు శంకింపవచ్చును. నేను ఆస్తికుడనే. ఉదయమున దీపము పెట్టనిదే గడప దాటను. అయినను ఆయన జీవితములోని యొక పెండ్లి నన్ను చాలకాలముగా ఆలోచింపజేయుచున్నది.

దానికి కారణము చెప్పెదను. మన యనంతపురపు మెట్టసీమలో ఏడాదికి సగటున కురియు వాన 22 అంగుళములు. అదియు వేళకు కురియదు. వేరుసెనగ చేతికి వచ్చిన యేడు ఒకటియైన, ఎండిపోయిన యేండ్లు రెండు. పంట ఎండినను పెండ్లి ఆగదు. పందిరి, మేళము, భోజనములు, పెట్టుపోతలు ఒక్కటియు తగ్గరాదు. పెండ్లి ఖర్చుల నిమిత్తమని వ్రాసిన అప్పు పత్రములు నా చేతి వ్రాతతోనే యెన్నియో యున్నవి. పందిరి విప్పిన మఱునాటినుండి వడ్డీ నడచును. కూతురు తల్లియైన పిదపకూడ ఆమె పెండ్లి అప్పు తీరని యిండ్లు నేనెఱుగుదును. పెండ్లిలో మూలధనమేది, పైఖర్చేది అని లెక్కలవాడు అడుగక మానడు. ఆ ప్రశ్నను తుదివరకు అడిగినవారు గోరాగారు.

గోపరాజు రామచంద్రరావుగారు 1902 నవంబరు 15వ తేదీన, నాడు మద్రాసు రాజధానిలోనుండిన గంజాము జిల్లా ఛత్రపురమున జన్మించిరి. ఆ యూరు నేడు ఒడిశా రాష్ట్రములోనిది. వారిది ఆచారపరాయణమైన బ్రాహ్మణ కుటుంబము. ఇంటిపేరులోని మొదటి యక్షరమును, పేరులోని మొదటి యక్షరమును కలిపి లోకము వారిని గోరా అనినది. వారి పెండ్లి 1922లో జరిగినది. వధువు సరస్వతిగారికి అప్పటికి పదియేండ్లు. ముహూర్తము, మంత్రములు, పెద్దల మాట అన్నియు నుండెను. వధువు మాట మాత్రము లేదు. పదియేండ్ల బాలికకు ఏమి మాట యుండును? పాపమనుటకు వీలులేదు, ఆ కాలమున అందఱిండ్లలోను అదే జరిగినది. కాని ఆ పెండ్లిలో అక్షతలు పడిన తలలు రెండును తరువాత తమ పిల్లల పెండ్లిండ్లను వేఱు తీరున తలపెట్టినవని మనము గుర్తుంచుకొనవలెను.

గోరాగారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. మధురలోను, కోయంబత్తూరులోను, సింహళద్వీపపు కొలంబోలోను పనిచేసి, పిదప కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు వచ్చిరి. పరీక్షింపక దేనిని నమ్మరాదనునది వారు మొక్కల చదువునుండి నేర్చిన నియమము. దయ్యములున్నవని జనులు వదలిన యింట కాపురముండి చూచిరి. గర్భవతులు గ్రహణము చూడరాదని లోకము భయపడుచుండగా, సరస్వతిగారు గర్భవతియై యుండియు బయటికి వచ్చి గ్రహణమును చూచిరి. ఆ తల్లి ధైర్యము భర్త ధైర్యముకంటె తక్కువది కాదు. యజ్ఞోపవీతము తీసివేసినందుకు గోరాగారు పుట్టినిల్లు విడువవలసి వచ్చెను. నాస్తికభావములు ప్రకటించినందుకు 1933లో కాకినాడ ఉద్యోగము పోయెను. తరువాత బందరు హిందూ కళాశాలలో కొన్నియేండ్లు పనిచేసిరి. అక్కడను వారి భావములు ఉద్యోగమునకు అడ్డుపడెను.

అంతట 1940లో, కృష్ణాజిల్లా ముదునూరు గ్రామస్థుల యాదరముతో కుటుంబసహితముగా ఆ పల్లెకు పోయి నాస్తిక కేంద్రమును నెలకొల్పిరి. జీతములేదు, పిల్లలు పలువురు. అస్పృశ్యతా నివారణము, వయోజనులకు చదువు, అన్ని కులములవారి సహపంక్తి భోజనము వారి నిత్యకృత్యములు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున కుటుంబము చెఱసాలలు చూచెను. 1947లో కేంద్రము విజయవాడ పటమటకు మాఱెను. వారికి తొమ్మండుగురు సంతానము. వారి పేర్లలో దేవతల పేర్లుగాని కులసూచనగాని కానరావు. ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టిన కుమారునకు లవణమని పేరు. తక్కినవారిలో మైత్రి, విద్య, విజయము, సమరము మున్నగు పేర్లు కలవు. అందఱిలో పెద్దది మనోరమ. మన కథ ఆమె పెండ్లిని గుఱించినదే.

మనోరమను అర్జునరావు అను యువకునకిచ్చి చేయవలెనని గోరాగారు నిశ్చయించిరి. ఆయన ఆనాడు హరిజనులని పిలువబడిన, నేడు దళితులనబడు వర్గమునకు చెందినవాడు. అంటరానితనము పోవలెనని సభలలో పలుకువారు అప్పటికే చాలమంది యుండిరి. తన యింటి పెద్దకూతురితో ఆ మాటను ఋజువు చేయువారు అరుదు. ఇప్పుడు పెండ్లి యెట్లు జరుపవలెనను ప్రశ్న పుట్టెను. ముహూర్తము వలదు, పురోహితుడు వలదు, దేవుని పేరు వలదు. వలదనినవన్నియు తీసివేయగా మిగులునదేమి?

ఇక్కడ గాంధీమహాత్ముని ప్రస్తావన వచ్చుచున్నది. దేవుడనగా నేమియని గోరాగారు 1930లోనే వారికి జాబు వ్రాసిరి. 1944లో సేవాగ్రామమున ఇరువురును కలిసికొని మాటలాడిరి. ఒకరు దేవుని నమ్మకమే ప్రాణముగా గలవారు, మఱియొకరు ఆ నమ్మకమే మనిషిని నిలువనీయదని తలచినవారు. అయినను ఒకరి మాటను మఱియొకరు తుదివరకు వినిరి. గాంధీగారు ఆ కాలమున, వధూవరులలో ఒకరు హరిజనులైనగాని తాము పెండ్లికి రామని నియమము పెట్టుకొనియుండిరి. మనోరమ పెండ్లి సంగతి విని సంతోషించి, తమ యాశ్రమముననే జరుపుదమని, అయితే కొంతకాలము ఆగవలెనని చెప్పిరి. ఇంచుమించు రెండేండ్లు ఆగవలసి వచ్చెను. అర్జునరావు ఆ నడుమ సేవాగ్రామమున నివసించి ఆశ్రమపు పనులు నేర్చెను. మనము జాతకములు చూచుటకు నాలుగు దినములు ఆగుదుము. వారు మనుష్యులు ఒకరినొకరు, తాము చేయబోవు పనిని తెలిసికొనుటకు రెండేండ్లు ఆగిరి.

చిక్కు ఒక్క మాట యొద్ద వచ్చెను. ఆశ్రమమున జరుగు పెండ్లిండ్లు ఆడంబరములేనివే. కాని ప్రమాణము దేవుని పేరిట జరుగుచుండెను. నాస్తికుల బిడ్డ దేవుని పేరిట ప్రమాణము చేసిన అది అబద్ధపు ప్రమాణమగును. పెండ్లినాడే అబద్ధమాడి కాపురము మొదలుపెట్టుట యెట్లు? గోరాగారు ఈ సందేహమును దాచక గాంధీగారితో చెప్పిరి. గాంధీగారు కోపింపలేదు, దాటవేయలేదు. దేవుని పేరిట అనుటకు బదులు సత్యము పేరిట అనవచ్చునని యొప్పుకొనిరి. మొదట దేవుడే సత్యమని చెప్పుచుండిన గాంధీగారు అంతకు మునుపే, 1931 నాటికే, సత్యమే దేవుడని ఆ మాటను తిరుగవేసియుండిరి. కావున ఆ యొక్క మాట దగ్గఱ ఆస్తికుడును నాస్తికుడును తమ తమ నమ్మకములను విడువకయే కలిసి నిలువగలిగిరి.

తరువాతి సంగతి లోకమునకు తెలిసినదే. 1948 జనవరి 30వ తేదీన గాంధీగారు హతులైరి. పెండ్లి పెద్దగా నుండవలసినవారు లేకపోయిరి. ఇంకొకరైన పెండ్లిని ఆపియుందురు, లేక వేఱు చోటికి మార్చియుందురు. గోరాగారును ఆశ్రమవాసులును ఆయన యిచ్చిన మాటను నిలుపుటయే తగునని తలచిరి. 1948 మార్చి 13వ తేదీన సేవాగ్రామ ఆశ్రమముననే మనోరమకు అర్జునరావునకు పెండ్లి జరిగెను. గాంధీగారి తరువాత ఏమి చేయవలెనని యోచించుటకు దేశనాయకులును నిర్మాణ కార్యకర్తలును ఆ దినములలోనే సేవాగ్రామమున కూడియుండిరి. దేశమంతయు దుఃఖములోనున్న ఆ నెలలో, ముందు అనుకొన్నట్లే దేవుని పేరు లేకుండ, సత్యము పేరిట ఆ యిరువురును ఒక్కటైరి.

తెలుగునాట ఈ మార్పు ఒక్క దినమున వచ్చినది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఎవరికి పెండ్లి చేయవచ్చునన్నది వారి ప్రశ్న. మంత్రములు పాతవే, వధువు క్రొత్తది. పిదప కవిరాజు త్రిపురనేని రామస్వామిచౌదరిగారు వివాహవిధి యను గ్రంథము వ్రాసి, వధూవరులకు అర్థమగు తెలుగున తామే పెండ్లిండ్లు చేయించిరి. ఏ భాషలో చేయవలెను, ఎవరు చేయింపవలెను అన్నది వారి ప్రశ్న. ఎవరి పేరిట చేయవలెనన్నది గోరాగారి ప్రశ్న. మూడు ప్రశ్నలును ఒకదానివెంట నొకటి వచ్చినవే. మొదటి దానికి నేడు మన యూరిలో ఎవరును అడ్డుచెప్పరు. ఆనాడు వీరేశలింగముగారిని వెలివేసిరన్నది మఱచితిమి.

చట్టము కూడ వెనుక వెనుకగా నడచివచ్చెను. వేఱు వేఱు కులముల హిందువుల పెండ్లి చెల్లునని దేశమంతటికి వర్తించు శాసనము 1949లో, అనగా మనోరమ పెండ్లి జరిగిన మఱుసటి యేడు, వచ్చెను. 1954లో ప్రత్యేక వివాహ శాసనము వచ్చినది. దాని ప్రకారము ఏ మతమువారైనను, మతము వలదనువారైనను పెండ్లి చేసికొనవచ్చును. వరునకు 21, వధువునకు 18 ఏండ్లు నిండియుండవలెను. వివాహాధికారికి ముందుగా నోటీసు ఇయ్యవలెను. 30 దినములలో న్యాయమైన అభ్యంతరము రానియెడల, ముగ్గురు సాక్షుల యెదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరించుచున్నామని చెప్పి చేవ్రాలు చేయవలెను. ఇక పందిరి, మేళము వేయుట మానుట వారి యిష్టము. దానికై అప్పు చేయవలెనని ఏ శాసనమును చెప్పలేదు.

గోరాగారి యింట ఇది ఒక్క పెండ్లితో ఆగలేదు. 1960లో కుమారుడు లవణముగారు మహాకవి గుఱ్ఱం జాషువగారి కుమార్తె హేమలతను పెండ్లాడిరి. కులమువలన అవమానములు సహించిన కవి బిడ్డ ఆ యింటి కోడలయ్యెను. ఆ దంపతులు పిదప జోగినీ దురాచార నిర్మూలనమునకును, స్టూవర్టుపురమున నేరస్థులని ముద్రవేయబడినవారి సంస్కరణమునకును పాటుపడిరి. గోరాగారు తాముకూడ వృద్ధాప్యమున విశ్రమింపలేదు. మంత్రులు నిరాడంబరముగా నుండవలెనని కోరుచు 1961-62 సంవత్సరములలో సేవాగ్రామమునుండి ఢిల్లీకి కాలినడకన పోయిరి. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపిరి. 1975 జూలై 26వ తేదీన విజయవాడలో ఒక సభయందు మాటలాడుచు మాటలాడుచునే కన్నుమూసిరి. 2002లో వారి శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. సరస్వతిగారు 2006 వరకు జీవించి ఆ పని సాగించిరి.

చదువరులారా, ఈ కథ తలచినపుడెల్ల నాకు ఆదిపర్వములోని శకుంతల జ్ఞప్తికి వచ్చును. ఆమె పెండ్లికి పురోహితుడు లేడు, పందిరి లేదు. నిండు సభలో భర్త ఆమెను ఎఱుగననెను. అప్పుడామె ధనమును చూపలేదు, బంధువులను పిలువలేదు. యజ్ఞములకంటెను సత్యము గొప్పదని రాజునకు బోధించెను. నన్నయభట్టు వ్రాసిన ఆ పద్యము మన బడిపిల్లలకు కంఠపాఠము. సత్యము సాక్షిగా పెండ్లియన్నది కావున మనకు క్రొత్తమాట కాదు. మన భారతములోనిదే. గోరాగారు దానిని భారతమునుండి తీసికొనలేదు, గాంధీగారితో వాదించి చేరుకొనిరి. రెండు త్రోవలును ఒక్కచోటికే వచ్చినవి.

అయితే భేదమొకటి కలదు. శకుంతలకు ఆకాశవాణి సాక్ష్యము పలికినది. మన యూరి ఆడబిడ్డలకు ఆకాశవాణి పలుకదు. వారికి నిలిచి చెప్పు ముగ్గురు మనుష్యులును, కచేరి పుస్తకములో ఒక పంక్తి వ్రాతయు కావలెను. లెక్కలవాడను గావున ఆ పంక్తి విలువ నాకు తెలియును. పందిరికి పదివేలు పోసి, ఆ వ్రాతకు ఒక్క పూట వెచ్చింపనివారిని చూచితిని. తరువాత ఆ బిడ్డ హక్కు నిరూపించుకొనలేక తిరుగుటయు చూచితిని.

అందఱును గోరాగారివలె దేవుని విడువవలెనని నేను చెప్పను. నేను విడువలేదు. కాని కరవుసీమలో బిడ్డ పెండ్లి తలపెట్టు తండ్రి ముందుగా నాలుగు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఇరువురికిని ఇష్టమేనా? వారు చెప్పు మాట వారికి అర్థమగునా? ఆ మాటకు సాక్షులును వ్రాతయు కలవా? ఈ పెండ్లికై చేయు అప్పు ఎవరు, ఎన్నేండ్లలో తీర్తురు? మొదటి మూడింటికి సరియైన జవాబు దొరకినచో పెండ్లి అయినట్లే. నాలుగవదానికి దొరకనిచో పందిరి కొంచెము చిన్నది చేయుదము. మనోరమ పెండ్లికి మూలధనము రెండు నిండు మనస్సులును ఒక నిజమైన మాటయు. ఆ మూలధనము మన పల్లెలో ఏ యింటికిని కొఱతలేదని నా నమ్మకము.