పోలికల లెక్క తేల్చిన మఠాధిపతి
గ్రెగార్ మెండెల్ జీవితము

బిడ్డ పుట్టినంతనే ఇరుగుపొరుగువారు వచ్చి, నుదురు తండ్రిదనియు, కన్నులు మేనత్తవనియు పోలికలు చెప్పుట మన ఇండ్లలో అనాదిగా ఉన్న వాడుక. తల్లిదండ్రులిరువురిలోను కానరాని తాత పోలిక మనుమనికి వచ్చుటయు అందరును ఎరిగినదే. రైతు మంచి కంకిని ఏరి విత్తనమునకు దాచుటలోను, మేలుజాతి కోడెను మందలో విడుచుటలోను ఈ ఎరుకయే ఉన్నది. అయినను ఈ పోలిక ఏ దారిని వచ్చుచున్నది? ఒక తరమున దాగియుండి మరియొక తరమున ఏల బయటపడుచున్నది? పందొమ్మిదవ శతాబ్దము నడుమ వరకును లోకమున ఎవ్వరును ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పలేకపోయిరి. తల్లిదండ్రుల గుణములు రెండు రంగులు కలిసినట్లు బిడ్డలో కలిసిపోవునని గొప్ప పండితులు సైతము తలచిరి. ఆ తలపు తప్పని లెక్కతో నిరూపించిన మహనీయుడు గ్రెగార్ మెండెల్. ఉపాధ్యాయ పరీక్షకు రెండు పర్యాయములు పోయి, రెండు పర్యాయములును పట్టా లేకయే తిరిగి వచ్చిన సన్యాసి ఆయన.

మెండెల్ 1822వ సంవత్సరము జులై నెలలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యమునకు చెందిన సైలీషియా సీమలో హైన్‌జెండార్ఫ్ అను చిన్న పల్లెయందు జన్మించెను. ఆ పల్లె నేడు చెక్ దేశమున ఉన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. తండ్రి ఆంటన్ చిన్న రైతు. స్వంత సేద్యము చేసికొనుచున్నను వారమునకు మూడు దినములు జమీందారు పొలమున వెట్టి చేయక తప్పని కాలమది. మిగిలిన దినములలో ఆయన తన తోటలో పండ్లచెట్లకు అంట్లు కట్టి మేలురకములను పెంచెడివాడు. ఆ ఊరి మతగురువు కూడ రైతులకు అంటుకొమ్మలు పంచి, బడిపిల్లలకు తోటపని నేర్పించెడివాడు. అక్కకును చెల్లెలికిని నడుమ పుట్టిన యోహాను చెట్టు చేమల ఓనమాలు ఆ తోటలోనే నేర్చెను.

బాలుడు తెలివిగలవాడని బడిపంతులు గుర్తించి పై చదువునకు పంపుమని చెప్పగా, తలిదండ్రులు కష్టమునకోర్చి పంపిరి. 1838లో అడవిలో కలప లాగుచుండగా దుంగ మీదపడి తండ్రికి గట్టి దెబ్బ తగిలెను. నాటినుండి ఇంటి సహాయము సన్నగిల్లెను. యోహాను ఇతర పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు, చాలీచాలని తిండితో చదివి పలుమార్లు జబ్బుపడెను. ఒక్కడే కుమారుడు కావున వచ్చి సేద్యము అందుకొనునని తండ్రి ఆశించెను. కుమారుని మనసు చదువుపై ఉండెను. ఆ సమయమున చెల్లెలు థెరీసియా తన పెండ్లికై ఉంచిన కట్నపు సొమ్ములో కొంత భాగమును అన్న చదువునకిచ్చెను. మెండెల్ ఆ ఋణమును మరువలేదు. తరువాతి కాలమున ఆమె ముగ్గురు కుమారుల చదువునకును ఆయనయే తోడ్పడెను. వారిలో ఇద్దరు వైద్యులైరి.

ఓల్ముట్జ్ పట్టణమున తత్త్వశాస్త్ర విద్య ముగించుసరికి యువకుని బలము ఉడిగిపోయెను. కూటికి వెదకుకొనుచు చదువుట ఇక సాధ్యము కాదని తేలిపోయెను. భౌతికశాస్త్ర ఆచార్యుడొకడు సిఫారసు చేయగా, 1843లో బ్రున్ నగరమందలి సెయింట్ థామస్ మఠమున చేరి గ్రెగార్ అను పేరు స్వీకరించెను. నేడు ఆ నగరమును బ్ర్నో అందురు. మఠాధిపతి సిరిల్ నాప్ విద్యాప్రియుడు. అచటి సన్యాసులు తత్త్వము, సంగీతము, వృక్షశాస్త్రము మున్నగు విద్యలందు కృషి చేయుచుండిరి. మఠమునకు మంచి గ్రంథాలయమును, తోటయు ఉండెను. ఈ రెండును లేకున్న మెండెల్ మెండెల్ కాజాలడు.

1847లో ఆయన మతగురువుగా దీక్ష పొందెను. కాని రోగులను, మరణశయ్యపై ఉన్నవారిని దర్శింపవలసిన పని ఆ మెత్తని మనసునకు భరింపరానిదై, ఆయనయే మంచమెక్కెను. నాప్ ఇది గ్రహించి ఆయనను 1849లో జ్నైమ్ పట్టణమున పాఠము చెప్పుటకు పంపెను. విద్యార్థులు ఆయనను మెచ్చుకొనిరి. అయినను 1850లో పట్టా పరీక్షయందు నెగ్గలేకపోయెను. 1851 మొదలు 1853 వరకు వియన్నా విశ్వవిద్యాలయమున చదువుకొను భాగ్యము కలిగెను. అచట డాప్లర్ మున్నగువారివద్ద భౌతికశాస్త్రమును, ప్రయోగపద్ధతిని, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రమును అభ్యసించెను. 1856లో మరల పరీక్షకు కూర్చుండెను గాని అస్వస్థుడై మధ్యలోనే తిరిగివచ్చెను. పట్టా లేని తాత్కాలిక ఉపాధ్యాయుడుగానే ఆయన బ్రున్ పాఠశాలలో ఏండ్ల తరబడి పనిచేసెను. లోకమునకు తరతరములు పాఠము కానున్న ప్రయోగములు ఆ సంవత్సరముననే ఆరంభమైనవి.

ఆయన ఎన్నుకొన్నది సామాన్యమైన బఠానీ మొక్క. దాని పూవులో కేసరములును కీలాగ్రమును పడవవంటి రేకులలో మూతపడియుండుటచే, పరుల పుప్పొడి లోనికి రాదు. తనకు తానే ఫలదీకరణము చెందును. అందుచే దాని రకములు కల్తీ లేక స్వచ్ఛముగా నిలుచును. మెండెల్ 34 రకముల విత్తనములు తెప్పించి, రెండేండ్లు నాటి పరీక్షించి, వానిలో 22 రకములను ఉంచుకొనెను. గింజ గుండ్రనిదా ముడుతలదా, పచ్చనిదా ఆకుపచ్చనిదా, మొక్క పొడుగా పొట్టియా అనునట్టి ఏడు జతల లక్షణములు మాత్రమే తీసికొనెను. మొగ్గ విచ్చక మునుపే రేకులు తెరచి, కేసరములను శ్రావణముతో ఒక్కొక్కటిగా తీసివేసి, వేరొక రకపు పుప్పొడిని కీలాగ్రమునకు అంటించి సంకరము చేసెను. 1863 వరకు, మఠము ప్రక్కనున్న ఇరుకైన తోటలో ఇట్లు వేలకొలది మొక్కలు పెంచి, ప్రతి గింజను లెక్కించెను. పూర్వులు సంకరములు చేయకపోలేదు. కాని వారు మొక్క అంతటిని ఒక్కమారు చూచి వర్ణించిరి. ఒక్కొక్క లక్షణమును విడదీసి, తరము తరమునకు ఎన్నింటిలో ఏది ఎన్ని యని లెక్కకట్టుట మెండెల్ విశేషము.

ఫలితములు అచ్చెరువు గొలిపినవి. గుండ్రని గింజల రకమును ముడుతల రకముతో కలుపగా, మొదటి తరమున అన్నియు గుండ్రని గింజలే వచ్చినవి. ముడుత మాయమయ్యెను. ఆ సంకర మొక్కలను తమంత తాముగా ఫలింపనీయగా, రెండవ తరమున 7324 గింజలలో 5474 గుండ్రనివి, 1850 ముడుతలవి అయ్యెను. పచ్చ, ఆకుపచ్చ గింజల విషయమున 8023లో 6022 పచ్చనివి, 2001 ఆకుపచ్చనివి. 1064 మొక్కలలో 787 పొడుగువి, 277 పొట్టివి. ఏ లక్షణము చూచినను లెక్క మూడింటికి ఒకటి దగ్గరనే నిలిచెను. మాయమైన ముడుత నశింపలేదనియు, దాగియుండి పూర్వరూపముతోనే మరలి వచ్చినదనియు దీనివలన స్పష్టమయ్యెను.

మెండెల్ దీనికి చెప్పిన కారణము సులువైనది. ప్రతి లక్షణమునకును మొక్కలో రెండు కారకములుండును. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. పుప్పొడిగాని అండముగాని ఏర్పడునప్పుడు ఆ రెండును విడిపోయి, ఒక్కొక్కదానికి ఒక్కటే చేరును. రెండును భిన్నమైనచో వానిలో ఒకటి పైకి కనబడును, రెండవది అణగియుండును. కనబడుదానిని బహిర్గతమనియు, అణగినదానిని అంతర్గతమనియు మన పాఠ్యగ్రంథములు పేర్కొనుచున్నవి. రెండు సంచులలో నల్లగింజలును ఎర్రగింజలును సరిసమానముగా పోసి, కన్నులు మూసికొని సంచికొక్కటి చొప్పున తీసినచో, నాలుగు మార్లకు ఇంచుమించు మూడు మార్లు ఒక్క నల్లగింజయైనను చేతికి వచ్చును. ఒక్కమారు రెండును ఎర్రవే వచ్చును. ముడుతగింజ వచ్చుట ఈ రెండు ఎర్రగింజలు కలియుట వంటిదే. తాత పోలిక మనుమనిలో బయటపడు దారి ఇట్లు తెలిసెను. రెండు లక్షణములను ఒకేమారు గమనింపగా, 556 గింజలలో గుండ్రని పచ్చనివి 315, గుండ్రని ఆకుపచ్చనివి 108, ముడుతల పచ్చనివి 101, ముడుతల ఆకుపచ్చనివి 32 వచ్చినవి. ఆ రెండు లక్షణములును ఒకదానితో ఒకటి ముడివడక వేరువేరుగా పంచబడునని దీనివలన తేలినది.

1865 ఫిబ్రవరి 8వ తేదీనను, మార్చి 8వ తేదీనను బ్రున్ ప్రకృతిశాస్త్ర సంఘమున మెండెల్ తన ప్రయోగములను చదివి వినిపించెను. 1866లో అది సంఘపు వార్షిక సంపుటమున అచ్చయ్యెను. ఆ సంపుటము ఐరోపాలో నూటికి పైబడిన సంస్థలకును గ్రంథాలయములకును చేరెను. మెండెల్ స్వయముగా 40 ప్రతులు తీయించి పండితులకు కొన్ని పంపెను. అయినను దాని విలువ గ్రహించినవారు కానరారైరి. మొక్కలకు గణితముతో పని యేమని నాటి శాస్త్రజ్ఞుల తలపు. పరిణామవాదమును స్థాపించిన డార్విన్‌కు, గుణములు తరతరములకు ఎట్లు అందుననుటయే తేలని చిక్కు. మెండెల్ డార్విన్ గ్రంథమును జర్మను అనువాదమున శ్రద్ధగా చదివి గుర్తులు పెట్టుకొనెను. తన చిక్కునకు విడుపు బ్రున్ మఠపు తోటలో ఉన్నదని డార్విన్ ఎరుగనే లేదు.

మ్యూనిక్ ఆచార్యుడు నేగెలీ ఒక్కడు ఏండ్ల తరబడి మెండెల్‌తో ఉత్తరములు నడపెను. కాని ఆయనకు బఠానీ లెక్కలపై నమ్మకము కుదురలేదు. తాను పరిశోధించుచున్న హైరేసియం అను పసుపుపూల మొక్కపై ప్రయోగము చేయుమని ప్రోత్సహించెను. దాని పూలు మిక్కిలి సూక్ష్మములు. వానిలో కేసరములు తీయుచు మెండెల్ కన్నులు పాడుచేసికొనెను. ఫలితములు బఠానీ నియమమునకు లొంగలేదు. ఆ మొక్క తరచుగా ఫలదీకరణము లేకయే విత్తనము కట్టునని ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో గాని తెలియలేదు. తల్లి గుణములు మాత్రమే పొందు సంతానమున తండ్రి వంతు వెదకుచు ఆ మహనీయుడు ఏండ్లు గడపెను. తన నియమమునకు విరుద్ధముగా వచ్చిన ఆ ఫలితములను ఆయన దాచక ప్రకటించెను. ఇది ఆయన సత్యనిష్ఠకు తార్కాణము.

1868లో నాప్ మరణానంతరము మెండెల్ మఠాధిపతిగా ఎన్నికయ్యెను. పరిశోధనకు తీరిక సన్నగిల్లెను. తేనెటీగల పెంపకము, వాతావరణ పరిశీలన మాత్రము విడువలేదు. 1870లో బ్రున్ నగరముపై విరుచుకుపడిన సుడిగాలిని శాస్త్రీయముగా వర్ణించెను. 1874లో ప్రభుత్వము మఠములపై హెచ్చు పన్ను విధింపగా, అది అన్యాయమని చెల్లింప నిరాకరించెను. మఠపు ఆస్తి జప్తయినను పట్టు సడలింపలేదు. మిత్రులు సైతము దూరమైరి. ఆ వివాదము తెగకముందే, మూత్రపిండముల వ్యాధితో 1884 జనవరి 6వ తేదీన తన 61వ ఏట కన్నుమూసెను. అంత్యక్రియలకు వచ్చిన జనులు దానశీలుడైన మఠాధిపతికై దుఃఖించిరి. ఒక శాస్త్రప్రవర్తకుడు పోయెనని వారికి తెలియదు. ఆయన వ్రాతలలో పెక్కింటిని మఠమువారు తగులబెట్టిరి.

అచ్చయిన సంపుటము మాత్రము గ్రంథాలయముల అరలలో నిలిచియుండెను. 1900లో హాలండున డీ వ్రీస్, జర్మనీలో కారెన్స్, ఆస్ట్రియాలో చెర్మాక్ వేరువేరుగా సంకరప్రయోగములు ప్రకటించుచు, 34 ఏండ్లకు పూర్వమే మెండెల్ ఈ మాట చెప్పియుండెనని లోకమునకు తెలిపిరి. ఇంగ్లండున బేట్‌సన్ ఆ నియమములకు ప్రచారము చేసి ఈ శాస్త్రమునకు పేరు పెట్టెను. 1909లో యోహాన్సెన్ కారకమునకు జీన్ అని పేరిడెను. మనము జన్యువు అనుచున్నాము. 1910 నుండి మోర్గన్ పండ్ల ఈగలపై పరిశోధించి, జన్యువులు కణములోని క్రోమోజోములపై ఉండునని నిరూపించెను. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న జన్యువులు తరచు కలిసియే పోవునని కూడ తెలిసెను. 1936లో ఫిషర్ అను గణితవేత్త మెండెల్ లెక్కలు ఉండవలసినదానికంటె మిక్కిలి సరిగా ఉన్నవని సందేహము వెలిబుచ్చెను. ఆ చర్చ చాలకాలము సాగినది. అయినను ప్రయోగములను మరల చేసినవారందరికిని మూడింటికి ఒకటియే వచ్చుటచే నియమమునకు లోపము రాలేదు.

జన్యువు డీ.ఎన్.ఏ. అను పదార్థమున ఉన్నదని 1944లో ఎవరీ, ఆయన సహచరులు తెలిపిరి. 1953లో వాట్సన్, క్రిక్ దాని ఆకృతిని తేల్చిరి. నాలుగు అక్షరముల లిపితో వ్రాసిన గ్రంథము వంటిది డీ.ఎన్.ఏ. ఆ లిపిని చదివి కణము తనకు కావలసిన మాంసకృత్తులను తయారు చేసికొనును. మెండెల్ నాటి ముడుతగింజ రహస్యము 1990లో బయటపడినది. గుండ్రని గింజయందు ఒక జన్యువు పిండిపదార్థమును శాఖలుగా అల్లు ఎంజైమును తయారుచేయును. ముడుతగింజయందు ఆ జన్యువు నడుమ సుమారు 800 అక్షరముల అన్యఖండము చొచ్చుకొనియున్నది. అందుచే ఎంజైము సరిగా తయారు కాదు. పిండి తగ్గి చక్కెర నిలిచిపోవును. చక్కెర నీటిని లాగుకొనుటచే పచ్చిగింజ ఉబ్బి, ఎండినపుడు ముడుతలు పడును. రెండు ప్రతులలో ఒకటి సరిగా ఉన్నను చాలినంత ఎంజైము వచ్చును. గుండ్రదనము బహిర్గతమగుటకు కారణమిదియే. ఇట్లు లిపిలో కలుగు మార్పును ఉత్పరివర్తనమందురు. అట్టి మార్పులు అరుదుగా పుట్టి, పిల్లలకు అంది, మేలైనవి హెచ్చుచు, కీడైనవి తగ్గుచు, యుగములమీద జాతులు మారుచున్నవి. డార్విన్ చిక్కునకు మెండెల్ సమాధానము ఈ విధముగా జత కుదిరినది.

ఆ తోటలోని పొట్టి బఠానీకిని మన వరిమళ్ళకును సంబంధము కలదు. 1962లో ఫిలిప్పీన్సు దేశమందలి వరి పరిశోధన సంస్థలో పెటా అను పొడుగు వరిని తైవాను పొట్టి రకముతో సంకరము చేసిరి. మొదటి తరమున అన్నియు పొడుగు మొక్కలే వచ్చినవి; రెండవ తరమున ఇంచుమించు నాలుగింట ఒకటి పొట్టిదయ్యెను. ఆ పొట్టి మొక్కల సంతతినుండి 1966లో వెలువడినదే ఐ.ఆర్. 8 వరి. ఎరువు వేసినను పడిపోని ఆ పైరును 1960 దశకపు చివరి యేండ్లలో ఆంధ్ర రైతులు కూడ పండించిరి. మొక్క పెరుగుటకు కావలసిన ఒకే హార్మోను తయారగుటలో లోపమే ఆ పొట్టి బఠానీకిని, ఈ పొట్టి వరికిని కారణమని తరువాత తెలిసినది. ఆకలి తీర్చిన గింజ వెనుక ఆ సన్యాసి లెక్క ఉన్నది.

మెండెల్ ఆస్తియు, పట్టాయు, బిరుదును లేనివాడుగా పని ప్రారంభించెను. మెప్పు రాకున్నను ఎనిమిదేండ్లు గింజలు లెక్కించెను. తాను కనుగొన్నదానిని శ్రద్ధగా వ్రాసి అచ్చువేయించెను. చదువువారు లేక ఆ పుటలు మూడు దశాబ్దములకు పైగా మూతపడియుండెను. వానిని పారవేయక భద్రపరచిన గ్రంథాలయములును, ఎన్నటికో వచ్చి అర తెరచిన పాఠకులును ఆయన కీర్తిలో పాలివారే. ఏ పుస్తకము ఏ తరమున ఎవరికి ఉపకరించునో ముందుగా చెప్పుట ఎవ్వరికిని శక్యము కాదు. దానిని చెదలకు విడువక కాపాడుట మాత్రము ప్రతి గ్రామమునకును సాధ్యమైన పని.