తాళపత్రాలను అచ్చెక్కించిన బ్రౌన్ దొర

ఫోన్‌లో ఏదైనా పాత తెలుగు మాటకు అర్థం వెతికితే చాలాసార్లు బ్రౌన్ నిఘంటువే కనబడుతుంది. 1852లో అచ్చైన పుస్తకం అది. తయారుచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీలో ఒక ఆఫీసరు.

ఆయన 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతగురువు. చిన్నప్పుడే కొడుక్కి హీబ్రూ, గ్రీకు, లాటిన్ లాంటి భాషలు నేర్పించాడు. 1817లో మద్రాసు వచ్చిన బ్రౌన్, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకొని, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు.

ఇక్కడ ఒక్క నిమిషం యూరప్ పోయి వద్దాం. 1495లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ఆయన అరిస్టాటిల్ గ్రంథాలను గ్రీకులో అచ్చు వేయడం మొదలుపెట్టాడు. చేతిరాత ప్రతులు సేకరించడం, పండితులతో సరిచూపించడం, తర్వాత అచ్చు వేయడం ఆయన పద్ధతి. గ్రీకు పుస్తకాలు అట్లనే బతికాయి. మూడు వందల ఏళ్ల తర్వాత కడపలో బ్రౌన్ తెలుగుకు చేసింది కూడా అదే పని.

అప్పటికి మన కావ్యాలు ఎక్కువగా తాటాకుల మీదే ఉన్నాయి. ఆకులను చెదలు తింటాయి, పురుగులు తొలుస్తాయి. రాసేవాడు ఒక అక్షరం తప్పు రాస్తే, దాన్ని చూసి రాసేవాళ్లందరికీ ఆ తప్పు అంటుకుంటుంది. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను, రాయసగాళ్లను సొంత జీతంతో పెట్టుకున్నాడు. జీతం సరిపోకపోతే అప్పులు చేశాడు. ఒకే కావ్యానికి వేర్వేరు ఊర్ల నుంచి ప్రతులు తెప్పించి, కాగితం మీద రాయించి, పక్కపక్కన పెట్టి తేడాలు చూపించేవాడు.

మనం రెండు ఫైళ్ల మధ్య తేడాను ఒక్క కమాండ్‌తో చూస్తాం. వాళ్లకు ఆ పనిలో ఛందస్సే సాయం. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. 2, 4 పాదాలకు ఐదు సూర్యగణాలు. ఒక అక్షరం జారితే గణం విరుగుతుంది, తప్పు దొరుకుతుంది. మన భాషలో చెప్పాలంటే అదొక చెక్‌సమ్. కానీ గణం సరిపోయే తప్పు మాట పడితే ఛందస్సు పట్టుకోలేదు. అప్పుడు ఏ పాఠం సరైందో చెప్పడానికి చదువుకున్న మనిషే కావాలి.

1829లో బ్రౌన్ 693 వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. పని అక్కడితో ఆపలేదు. 1839 నాటి రెండో కూర్పులో పద్యాలు 1164 అయ్యాయి. 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర వచ్చాయి. మధ్యలో ఇంగ్లండ్‌లో ఉన్న రోజుల్లో కూడా ఊరికే కూర్చోలేదు. లండన్‌లో మూలన పడి ఉన్న దక్షిణ భారత రాతప్రతులను మద్రాసుకు పంపించేలా చేశాడు.

పుస్తకాల మీద బ్రౌన్ పేరుంది, సరే. మరి పాఠాలు సరిచేసింది, వ్యాఖ్యానాలు రాసింది ఎవరు? జూలూరి అప్పయ్య లాంటి పండితులు. మా మందమర్రిలో బొగ్గు బాయి గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పైన బోర్డు మీద ఒక పేరుంటది, లోపలికి దిగేవాళ్లు వేరే ఉంటరు. అట్లని బ్రౌన్ పని చిన్నది కాదు. డబ్బు పెట్టకపోతే, ప్రతులు వెతికించకపోతే అప్పయ్యకు సరిచూసే అవకాశమే లేదు. అప్పయ్య లేకపోతే బ్రౌన్ దగ్గర మిగిలేది తప్పుల కుప్ప. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పుకోవడమే న్యాయం.

ఆరోగ్యం దెబ్బతిని బ్రౌన్ 1855లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1865 నుంచి లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా ఉన్నాడు. 1884 డిసెంబర్ 12న చనిపోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో, ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి.

బాయి పనికోసం ఎన్నో ఊర్ల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. తాతలు తెచ్చుకున్న ట్రంకు పెట్టెల్లో యక్షగానం రాతపుస్తకమో, భజన కీర్తనల నోటుబుక్కో ఉండవచ్చు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెట్టె తెరిచి చూడండి. దొరికితే ప్రతి పేజీ ఫోటో తీయండి, రాసినవాళ్ల పేరు కూడా రాసిపెట్టండి. మనకు జేబులో ఫోన్ ఉంది, బ్రౌన్ లాగా అప్పు చేసే పని లేదు.